పాపను గుండె డాక్టరుకు చూపించాలి, ఏమేం సిద్ధం చేసుకోవాలి?

నమస్కారం. మేము విశాఖపట్నం సీతమ్మధార నుంచి రెండు నెలల క్రితం ఇంగ్లండ్ వచ్చాము. మా పాపకు మూడేళ్ళు. గుండెలో చిన్న రంధ్రం ఉన్నందున అక్కడ ఏడాదికోసారి ఎకో (గుండె స్కాన్) తీయించేవాళ్ళం. ఇక్కడ నేరుగా గుండె డాక్టరు దగ్గరకు వెళ్ళడం కుదరదంటున్నారు. ఏం చేయాలో, ఏమేం తీసుకువెళ్ళాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు:

అమ్మా, నమస్కారం. మాదీ విశాఖే, ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. మీరు విన్నది నిజమే. మన ఊళ్ళో సాయంత్రం క్లినిక్కుకు వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుంటే ఆ రాత్రికే పెద్ద డాక్టరు చూస్తారు. ఇక్కడ ముందు ఇంటికి దగ్గరలోని జీపీ (ఏ జబ్బుకైనా మొదట చూసే డాక్టరు) దగ్గర పాప పేరు నమోదు చేయించాలి, ఆయన రాసిన ఉత్తరం మీదనే ఆస్పత్రి నుంచి పిలుపు వస్తుంది. జీపీ కూర్చునే చోటును ఇక్కడివారు సర్జరీ అంటారు కనుక, సర్జరీకి రమ్మన్నారని ఆపరేషన్ అనుకుని కంగారుపడకండి.

నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పాప మొదటి మూడేళ్ళ వైద్య చరిత్ర ఈ దేశంలో ఏ కంప్యూటరులోనూ లేదు, అది మీ దగ్గర మాత్రమే ఉంది. ఇక్కడ ఫైలంతా ఆస్పత్రివారే చూసుకుంటారు కదా అన్న ధీమాతో, మా అబ్బాయికి చెవిలో నీరు చేరినప్పుడు నేను వట్టి చేతులతో వెళ్ళాను. పుట్టినప్పుడు బరువెంత, నెలలు నిండాయా, ఎన్ని రోజులు అద్దాలపెట్టెలో ఉంచారు అని డాక్టరు వరసగా అడుగుతుంటే సమాధానం తోచక అక్కడినుంచే విశాఖలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. ఆమె బీరువాలో చీరల కింద దాచిన డిశ్చార్జి కాగితం తీసి, కళ్ళజోడు వెతుక్కుని, ఇంగ్లీషు మాటలను ఒక్కొక్క అక్షరంగా చదివి వినిపించింది. ఇచ్చిన సమయంలో సగం దానికే సరిపోయింది, నేను అడగాలనుకున్నవి అడగకుండానే బయటికి వచ్చాను.

అందుచేత ఒక్క పేజీలో అన్నీ రాసి పెట్టుకోండి: పుట్టిన తేదీ, బరువు, రంధ్రం ఉన్నదని ఎప్పుడు తెలిసింది, ఏ తేదీన తీసిన ఎకోలో దాని కొలత ఎంత, ఏ టీకాలు ఎప్పుడు వేయించారు. మందుల సంగతి ఇంకా జాగ్రత్తగా రాయాలి. మన దగ్గరి కంపెనీ పేర్లు ఇక్కడివారికి తెలియవు, ఉదయం సగం బిళ్ళ అంటే వారికి ఏమీ బోధపడదు. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో అట్ట చూసి రాయండి. ఆరేళ్ళలోపు పిల్లలకు ఇక్కడ అమ్మే పారాసిటమాల్ సిరప్పు 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములది, విశాఖ నుంచి వెంట తెచ్చుకున్న సీసాల్లో 250వి కూడా ఉంటాయి. చెంచా లెక్కన పోస్తే పాపకు రెట్టింపు మందు పడుతుంది. ఇంగ్లండ్‌లో 16 ఏళ్ళు నిండని పిల్లలకు డాక్టరు రాసిన మందులు ఉచితం.

జీపీ ఉత్తరం రాశాక 18 వారాల లోపు చికిత్స మొదలు కావాలన్నది ఇక్కడి నియమమే కానీ, చాలాచోట్ల అంతకు మించి ఆగవలసి వస్తోంది. ఈలోగా పాప ఆయాసపడినా, త్వరగా అలసిపోతున్నా మళ్ళీ జీపీకి చెప్పండి, అవసరమైతే ఆయన మీ వంతును ముందుకు జరపమని కోరగలరు. పెదవులు నీలంగా మారినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వంతు మాట మరచి వెంటనే 999కు ఫోన్ చేయండి. ఇల్లు మారితే జీపీకీ ఆస్పత్రికీ విడివిడిగా తెలియజేయాలి. మేము జీపీకి ఒక్కరికే చెప్పి ఊరుకున్నందువల్ల ఆస్పత్రి ఉత్తరం పాత ఇంటికి వెళ్ళింది. అబ్బాయిని తీసుకురాలేదని రాసి, మమ్మల్ని తిరిగి జీపీ దగ్గరకే పంపించారు.

ఇంట్లో ఎవరికైనా ఇంగ్లీషులో తడబాటు ఉంటే అపాయింట్‌మెంట్ ఖరారైన రోజే దుబాసీ కావాలని అడగండి. అది ఉచితం. తెలుగు అని స్పష్టంగా చెప్పాలి, లేకుంటే హిందీ మాట్లాడేవారు రావచ్చు. మొదటిసారి మాత్రం అమ్మమ్మతోనో మరొకరితోనో పంపకుండా మీ ఇద్దరిలో ఒకరు తప్పక వెళ్ళండి. తరువాతి ఎకో ఎప్పుడు, ఆటల్లో ఏమైనా ఆంక్షలున్నాయా, పళ్ళ డాక్టరుకు ఈ సంగతి చెప్పాలా అన్న మూడు ప్రశ్నలను ఆ పేజీకి వెనకవైపు రాసుకోండి. ఆ రోజు మిమ్మల్ని చూసేది రిజిస్ట్రార్ అని చెబితే చిన్నబుచ్చుకోవద్దు, ఆయన పెద్ద డాక్టరు కింద పనిచేసే అనుభవజ్ఞుడైన వైద్యుడే.

మరొకరి జవాబు, విశాఖపట్నం నుంచి:

తల్లీ, నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను, మా మనవరాలు కూడా ఇంగ్లండ్‌లోనే పెరుగుతోంది. పాత ఎకో రిపోర్టులు మీ అమ్మానాన్నల దగ్గర ఉంటే ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించమనండి. ఎకో తీసినప్పుడు ఇచ్చే నున్నటి కాగితం మీది బొమ్మలు మన ఊరి ఉక్కకు వెలిసిపోతాయి. మా ఇంట్లో ఒకటి చూస్తే తేదీ తప్ప ఏమీ మిగలలేదు. రిపోర్టు దొరక్కపోతే ఓపీ నంబరుతో ఆ ఆస్పత్రి రికార్డుల విభాగంలో అడిగితే నకలు ఇచ్చే అవకాశం ఉంది, మీరు సంతకం చేసిన చిన్న ఉత్తరం మీ నాన్నగారి చేతికి పంపండి. ఎకో వీడియో సీడీ ఉంటే దాన్ని అట్టల మధ్య పెట్టి, ఊరి నుంచి వచ్చేవారి చేతిసామానులో తెప్పించుకోండి.