దావా పత్రాల్లోని వ్యాపార రహస్యాలను సీల్డ్ కవరులో ఉంచమని అడగడానికి ఏ కారణాలు చూపాలి?

ప్రశ్న (గుజ్జు పరిశ్రమ, చిత్తూరు):
అందరికీ నమస్కారం. మాది తోతాపురి పల్ప్ ఫ్యాక్టరీ. మా దగ్గర ప్రొడక్షన్ చూసిన మేనేజరు పోటీ కంపెనీలో చేరి మా కొనుగోలుదారుల జాబితానూ, ధరలనూ, గుజ్జును వేడిచేసే పద్ధతినీ అక్కడ వాడుతున్నారు. దావా వేయాలంటే ఆ కాగితాలనే ప్లెయింటుతో (దావా పత్రంతో) జతచేయాలి. రేపు ఎవరైనా కాపీ అప్లికేషన్ పెట్టి వాటిని తీసుకుంటే మేము దావా వేసి ఏం లాభం? ఫైలు మొత్తాన్నీ సీల్డ్ కవరులో ఉంచమని కోరవచ్చా?

జవాబు (న్యాయవాది, తిరుపతి):
మొత్తం ఫైలు అడిగితే అసలుకే మోసం వస్తుందండీ. విచారణ బహిరంగంగా జరగాలన్నదే నియమం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షను కూడా అదే చెబుతూ, అవసరమనుకుంటే జనాన్ని రానివ్వకుండా ఉత్తర్వు చేసే అధికారాన్ని జడ్జికి ఇచ్చింది. తన వాంగ్మూలం పత్రికల్లో వస్తే వ్యాపారం దెబ్బతింటుందని ఒక సాక్షి మొరపెట్టుకున్న మిరాజ్‌కర్ కేసులో, న్యాయం జరగడానికి తప్పదనుకుంటే కోర్టు అలా గోప్యత కల్పించవచ్చని 1966లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం అంగీకరించింది. కాబట్టి అధికారం ఉందా లేదా అన్న వాదన మీద పేజీలు నింపకండి.

అసలు పని అఫిడవిట్‌లో ఉంది. "ఇవి మా రహస్యాలు" అని ఒక్క ముక్కలో రాస్తే చాలదు. ప్రతి కాగితం గురించీ అది ఫ్యాక్టరీలో ఎవరెవరికి తెలుసో, దాన్ని కాపాడడానికి మీరేం చేశారో (ఉద్యోగ ఒప్పందంలో గోప్యత షరతు ఉందా, కంప్యూటరుకు పాస్‌వర్డు ఉందా), బయటపడితే ఏ నష్టం ఎలా వస్తుందో విడివిడిగా చెప్పాలి. డ్రమ్ము లేబులు మీద అచ్చువేసిన బ్రిక్స్ (గుజ్జులో తీపి ఎంతో చెప్పే) అంకెను రహస్యమంటే జడ్జిగారు నవ్వుతారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతసేపు ఉంచుతారన్న మీ బ్యాచ్ రికార్డు అయితే వేరే మాట.

జవాబు (ఎగుమతి లెక్కలు చూసేవాడిని, చిత్తూరు):
ధరల విషయంలో ఒక మాట. ఎప్పుడో ముగిసిన సీజను ఇన్వాయిసులకు రక్షణ కోరితే, ఇంకా నడుస్తున్న ఒప్పందాల ధరల మీద మీ మాటకు కూడా విలువ తగ్గుతుంది. ఇన్వాయిసులో కొనుగోలుదారు పేరు, యూనిట్ ధర వరకే నల్లగా కొట్టేసి, తేదీ, సరుకు రకం కనబడనిస్తే సరిపోతుందని నా అభిప్రాయం. ఇంతకీ ఇవన్నీ ప్రతివాదికి కూడా చూపకూడదా?

జవాబు (న్యాయవాది, తిరుపతి):
చూపి తీరాలి. ప్రజలకు కనబడకుండా ఉంచడం వేరు, ఎదుటి పక్షానికి దాచడం వేరు. ఈ రెండో దాన్ని 2023లో మాధ్యమం బ్రాడ్‌కాస్టింగ్ (మీడియావన్ టీవీ ఛానల్) కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. అక్కడ దాచింది ప్రభుత్వమే అయినా, చూడని కాగితానికి జవాబెలా చెప్పుకుంటారన్న ప్రశ్న ఇక్కడా వస్తుంది. ఢిల్లీ హైకోర్టు 2018 నాటి ఒరిజినల్ సైడ్ నిబంధనల్లో కాన్ఫిడెన్షియాలిటీ క్లబ్ అనే ఏర్పాటు ఉంది: కంపెనీ ఉద్యోగులు కాని వకీళ్లు, బయటి నిపుణులు కొద్దిమంది మాత్రమే, బయటపెట్టబోమని హామీ ఇచ్చి కాగితాలు చూస్తారు. ఆ నిబంధన మన కోర్టులను కట్టిపడేయదు కానీ, కోర్టుకు స్వతహాగా ఉన్న అధికారాల గురించి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 151 సెక్షను కింద అలాంటి ఏర్పాటు కోరడానికి నమూనాగా చూపవచ్చు. మీ పాత మేనేజరుకు ఆ పద్ధతి ఎలాగూ తెలుసు. మీరు దాచుకోవలసింది ఆయన కొత్త యజమాని నుంచి.

ఈ దరఖాస్తును ప్లెయింటుతో పాటే వేయండి. పేర్లు, ధరలు కొట్టేసిన ప్రతిని ఫైలులో పెట్టి, పూర్తి ప్రతిని కవరులో అందించి, ఉత్తర్వు వచ్చేవరకు దాన్ని తెరవవద్దని అందులోనే కోరండి. ఒకసారి మామూలుగా దాఖలైన కాగితానికి తర్వాత సీలు అడిగితే, ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.