థీసిస్‌లో లెక్కలు, గ్రాఫులు: లేటెక్ ఫైల్‌లోనే కోడ్ పెట్టాలా, వర్డ్‌లో అతికించాలా?

మిర్చి_లెక్కలు: ఎనుమాముల మార్కెట్‌లో తేజ మిర్చి ధరల మీద థీసిస్ రాస్తున్నా. వర్డ్‌లో ఉన్నప్పుడు ఒక్క నెల ధర సరిదిద్దితే పదకొండు చోట్ల మార్చాల్సి వచ్చింది. ఒకటి మిగిలిపోయింది. సెమినార్‌లో అందరి ముందు "ఈ రెండిట్లో ఏ సగటు నమ్మాలె?" అని అడిగారు. ఇప్పుడు లేటెక్‌లోనే (ఆదేశాలు రాసి డాక్యుమెంట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) గణాంకాల భాష ఆర్‌లో కోడ్ రాసి, ఫలితాలను నేరుగా పేజీలో పెట్టే నిట్‌ఆర్ ప్యాకేజీతో నడిపిస్తున్నా. పట్టికలు, గ్రాఫులు, వాక్యం మధ్య అంకెలు కూడా వాటంతటవే మారతాయి. ఇంకా వర్డే మేలంటారా?

కాజీపేట_జంక్షన్: అంటా. కొత్త మోజు ఇది. పాత ఫలితాన్ని దాచి మళ్లీ వాడే క్యాష్ ఆన్ చేసి చూడు. కోడ్ మారితేనే మళ్లీ నడుస్తుంది. డేటా ఫైల్ మారితే దానికి పట్టదు, పాత సగటే తెచ్చి చూపిస్తుంది.

మిర్చి_లెక్కలు: మోజేంటి అన్నా? ఇదే పని చేసే స్వీవ్ 2002 నుంచి ఉంది, నిట్‌ఆర్ 2012 నుంచి. క్యాష్ మనం పెడితేనే ఉంటుంది, పెట్టకండి.

కాజీపేట_జంక్షన్: పెట్టకపోతే నా సిమ్యులేషన్ కామా మార్చినా నలభై నిమిషాలు నడిచేది. క్యాష్ సంగతి చెప్పు.

హసన్‌పర్తి_బస్సు: కామా పెట్టి చాయ్ తాగి రండి 😀

లెక్కల_మేడం: బాబూ, గైడ్‌గా అడుగుతున్నా. ఆ ఫైల్ పంపితే నేనెక్కడ దిద్దాలి? వర్డ్‌లో ప్రతి దిద్దుబాటూ చూపే ట్రాక్ చేంజెస్ ఉంది. మా స్కాలర్ ఒకతను నా దిద్దుబాట్లు సగం వదిలేసి "కోడ్ నుంచి అట్లే వచ్చింది మేడం" అన్నాడు. వ్యాకరణం తప్పు కూడా కోడ్ నుంచే వచ్చిందా?

కాజీపేట_జంక్షన్: అదీ మాట. క్యాష్‌కు ఇంకా జవాబు రాలేదు.

మిర్చి_లెక్కలు: క్యాష్, క్యాష్! డేటా ఫైల్ ఎండీ5 విలువను (ఫైల్ మారితే మారిపోయే గుర్తు) క్యాష్ ఎక్స్‌ట్రా అనే సెట్టింగ్‌లో ఇవ్వండి, ఫైల్ మారితే మళ్లీ నడుస్తుంది. అయిపోయిందా? అసలు సంగతి చెప్తా వినండి. ఒక పట్టికలో పీ విలువ 0.07 వచ్చింది, మామూలుగా 0.05 లోపు ఉంటేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటారు. వర్డ్ ఫైల్ సార్ దగ్గరికి పోయి తిరిగొచ్చేసరికి 0.04 ఉంది.

లెక్కల_మేడం: ట్రాక్ చేంజెస్‌లో కనపడాలి కదా?

మిర్చి_లెక్కలు: ఆఫ్ చేసి ఉంది మేడం.

కాజీపేట_జంక్షన్: ఇది మొదటే చెప్పొద్దా తమ్మీ? అయినా కోడ్‌లో డేటా నుంచి నాలుగు వరసలు తీసేసినా 0.04 వస్తుంది.

మిర్చి_లెక్కలు: వస్తుంది. తీసేసినట్టు కోడ్‌లో రాసి ఉంటుంది.

లెక్కల_మేడం: మీ దగ్గర కోడ్ కూడా సమర్పించమంటారా?

మిర్చి_లెక్కలు: లేదు మేడం. పీడీఎఫ్, బైండింగ్ కాపీలు, అంతే.

హసన్‌పర్తి_బస్సు: మరి ఆ రాసింది ఎవరు చూస్తరన్నా?