అప్‌డేట్: చిన్నపిల్లలతో స్టూడియో గ్రూప్ ఫొటో, ఇప్పుడు షార్ప్‌గా వస్తోంది

ఇంతకుముందు పోస్టులో నేను అడిగింది ఇదీ: అమ్మమ్మ, తాతయ్య, తల్లిదండ్రులు, రెండేళ్ల పాప, రెండు వరుసలు. ముందువరుస షార్ప్, వెనకవాళ్లు మసక, పాప చేతులు షేక్. అప్పటి సెట్టింగ్: ఎల్ఈడీ లైట్లు, 50 ఎంఎం లెన్స్, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే సైజు; అంకె పెరిగేకొద్దీ చిన్నది) ఎఫ్/2.8, షటర్ 1/60 సెకను. జవాబులిచ్చిన అందరికీ థాంక్సండీ.

అసలు తప్పు అపర్చర్‌దే. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 3 మీటర్ల దూరం నుంచి ఎఫ్/2.8కి షార్ప్‌గా వచ్చే లోతు 60 సెంటీమీటర్లే; ఎఫ్/8కి దాదాపు 1.9 మీటర్లు. ఎఫ్/8కి లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది, ఎల్ఈడీ చాలదు కాబట్టి ఫ్లాష్‌కి మారాను: షటర్ 1/160, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 200. పాప కదలికను ఆపేది షటర్ కాదు, ఫ్లాష్ మెరుపే.

సాఫ్ట్‌బాక్స్‌ని (ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే గుడ్డపెట్టె) 1.5 మీటర్ల దగ్గర పెడితే లైటు పక్కనున్నవాళ్లు ఫొటోలో మరీ తెల్లగా వచ్చారు. వాళ్లకంటే ఇంకో మీటరు దూరంలో ఉన్నవాళ్లకి అందిన వెలుగు అందులో మూడోవంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. 3 మీటర్లకి జరిపితే సగం దాటింది. ఫ్లాష్ పవర్ మాత్రం పెంచాలి. స్టాండ్ కాళ్లపై ఇసుకసంచి, కేబుల్‌కి టేప్ తప్పనిసరి.

పాప స్థానంలో బొమ్మ పెట్టి ఫోకస్, వెలుగు సరిచూసి, పెద్దల్ని కుదిర్చాక ఆఖర్న పాపని తేవాలి. పాప ఓపిక పది నిమిషాలే. గిలక్కాయ ఊపేది కెమెరా వెనక ఒక్కరే. అసలు ఫొటోలు పాడుచేసేది పిల్లలు కాదు, "ఇటు చూడమ్మా" అంటూ పాపవైపు తిరిగే పెద్దలు!

ట్రైపాడ్ కదపకుండా వరసగా పది ఫ్రేములు తీస్తే, కళ్లు మూసినవాళ్ల ముఖం ఇంకో ఫ్రేములోంచి మార్చుకోవచ్చు.