ఇన్సూరెన్స్ బ్రోకర్‌కు మాండేట్ లెటర్ ఎలా రాసివ్వాలి?

మిర్యాలగూడ దగ్గర మాది చిన్న రైస్ మిల్లు. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ (చిన్న వ్యాపారాల ఆస్తికి, సరుకుకు అగ్నిప్రమాదం లాంటి వాటి నుంచి బీమా) ఉంది, లోన్ ఇచ్చిన బ్యాంకు వాళ్లే చేయించారు. నవంబర్ 28తో అయిపోతుంది. అందులో స్టాక్ విలువ 80 లక్షలు. కానీ వానాకాలం వడ్లు దిగితే గోదాంలో కోటీ 60 లక్షల సరుకు ఉంటుంది. ఇలా సగానికే బీమా ఉంటే, 20 లక్షల నష్టం జరిగినా వచ్చేది సుమారు 10 లక్షలేనని కాగితాలు చదివాకే తెలిసింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

నల్లగొండలో ముగ్గురు ఏజెంట్లను కలిశాను. ఎవరి కంపెనీ గురించి వాళ్లు చెప్పారు, అది వాళ్ల పని. మన తరఫున నాలుగు కంపెనీలను అడిగేది బ్రోకర్ కాబట్టి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లిస్టులో లైసెన్స్ చూసుకుని హైదరాబాద్‌లో ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకరు మళ్లీ పలకలేదు. రెండో ఆయన అన్నీ ఓపిగ్గా విన్నారు, మనిషి నచ్చారు. కానీ కొటేషన్లు తేవాలంటే ముందు మా లెటర్‌హెడ్ మీద మాండేట్ లెటర్, అంటే మా తరఫున కంపెనీలతో మాట్లాడే అధికారం ఆయనకు ఇస్తున్నట్టు లెటర్, ఇవ్వాలట. ఆయన పంపిన నమూనాలో గడువు లేదు, రద్దు చేసుకునే మాట లేదు, మిల్లుకు సంబంధించిన అన్ని పాలసీలూ అని ఉంది. 15 రోజులకే ఇస్తానంటే కంపెనీలు ఒప్పుకోవన్నారు. సంతకం పెట్టకుండా ఆపాను.

ఈ ఒక్క రెన్యువల్‌కే, ఫలానా తేదీ వరకే అని రాసి మాండేట్ ఇచ్చినవాళ్లు ఉంటే, లెటర్‌లో సరిగ్గా ఏ మాటలు రాశారో చెప్పగలరా?