లేసు పువ్వు మధ్యలో గిన్నెలా లేస్తోంది, 36 అంగుళాల బల్లగుడ్డకి సలహా కావాలి

వశిష్ఠ_ఒడ్డు:

నమస్తే అండి. మాది నరసాపురం దగ్గర పల్లె. 36 అంగుళాల చదరం బల్లగుడ్డ అల్లుదామని మొదలుపెట్టాను. 10 నెంబరు తెల్ల లేసు దారం, 1.5 మి.మీ. సూది. పాత కాగితాల పుస్తకంలో ఉన్న గుండ్రటి పువ్వు ఇది. మొత్తం ఆరు చుట్లు, పూర్తయితే 3 అంగుళాలు వస్తుందని రాశారు. మొదటి చుట్టు ఉంగరంలో 12 ట్రెబుళ్ళు, రెండో చుట్టులో 24. మూడు, నాలుగు, అయిదు చుట్లలో ట్రెబుల్ మీద ట్రెబుల్, మధ్యలో వరసగా 1, 2, 3 గొలుసులు. ఆరో చుట్టు 24 వంకీలు, ఒక్కో వంకీకి 5 గొలుసులు.

పువ్వు చదునుగా పడుకోవడం లేదు. మధ్యలో గిన్నెలా లేస్తోంది, సైజు కూడా 4 అంగుళాలు దాటుతోంది. ట్రెబుల్‌కి నేను సూదికి దారం రెండుసార్లు చుట్టి, మూడు విడతల్లో లాగుతున్నాను. ఇప్పటికి 20 పువ్వులు అయ్యాయి. గట్టిగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే సర్దుకుంటాయా? మొత్తం దారం ఎంత కొనాలి? అతకడం అల్లుతూనే చెయ్యాలా, అన్నీ అయ్యాకనా?

లేసుసూది:

రెండుసార్లు చుడుతున్నానన్నారు చూడండి, తేడా అక్కడే ఉంది. మీ పుస్తకం బ్రిటిష్ పద్ధతిది. అందులో ట్రెబుల్ అంటే దారం ఒక్కసారి చుట్టి, రెండు విడతల్లో లాగే కుట్టు. యూట్యూబులో ఎక్కువమంది చెప్పేది అమెరికా పద్ధతి. వాళ్ళు అదే కుట్టుని డబుల్ క్రోషా అంటారు, ట్రెబుల్ అంటే రెండుసార్లు చుట్టేది. పుస్తకం లెక్క, వీడియో కుట్టు కలిపేశారు, అందుకే పువ్వు పెరిగింది, లేచింది కూడా.

ఎందుకు లేస్తుందంటే, కుట్టు పొడుగయ్యేకొద్దీ చుట్టు అంచు దూరం జరుగుతుంది. దూరం జరిగితే చుట్టుకొలత పెరగాలి, అంటే కుట్ల సంఖ్యా పెరగాలి. ఒక్కసారి చుట్టే కుట్టుకి మొదటి చుట్టులో 12 ఉంటే చదునుగా పడుతుంది. రెండుసార్లు చుట్టే పొడుగు కుట్టుకి 16 నుంచి 18 కావాలి. మీరు 12తోనే సరిపెట్టారు కాబట్టి అంచు బిగిసి, మధ్య పైకి వచ్చింది. దీనికి ఎదురు, కుట్లు మరీ ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. పువ్వు ఎటు వంకర పోయినా ముందు కుట్లు లెక్కపెట్టి, కుట్టు పొడుగు చూడండి. చెయ్యి బిగువు సంగతి ఆ తరవాత.

గంజితో ఇది పోదండి. తడి తగలగానే మళ్ళీ లేస్తుంది. పైగా 36 అంగుళాలకి పట్టే 144 పువ్వులూ అతికాక ఆ బిగువంతా అతుకుల మీద పడి, వంకీలు తెగుతాయి. ఆ 20 పువ్వులూ విప్పెయ్యండి. మెర్సిరైజ్డ్ నూలు (నునుపు, మెరుపు వచ్చేలా శుద్ధి చేసినది) విప్పినా పాడవదు, వంకరలు మాత్రం తిరిగి ఉంటుంది. చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్ళలో ముంచి నీడన వేలాడదీస్తే సాఫు అవుతుంది.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఇంకొక్కటి. ఉంగరానికి 6 గొలుసులు కాకుండా 4 వేసి కలపండి, లేదా మ్యాజిక్ రింగ్ (దారాన్నే ఉంగరంలా చుట్టి, కుట్లు వేశాక కొస లాగి బిగించేది) పెట్టండి. ఉంగరం పెద్దదైతే 12 కుట్లు చుట్టూ సరిపోక సందులు కనిపిస్తాయి. చుట్టు మొదట్లో 3 గొలుసులు మొదటి ట్రెబుల్ కింద లెక్క, ఇప్పటిదాకా మీరు 4 వేసి ఉంటారు. రెండో చుట్టు అవగానే పువ్వుని అద్దం మీద పెట్టి స్కేలుతో కొలవండి. అడ్డంగా 2.5 సెం.మీ. దరిదాపుల్లో ఉండాలి. 2.2 దగ్గరే ఆగిపోతే మీ చెయ్యి బిగువు, 1.75 సూది తీసుకోండి. అయిదో చుట్టు అయ్యేసరికి 6.5, ఆరో చుట్టుతో 7.6 సెం.మీ., అంటే 3 అంగుళాలు.

కోనసీమ_కుట్టు:

దారం లెక్క నేను చెప్తాను. 36ని 3తో భాగిస్తే 12, కాబట్టి 12 వరసల్లో 12 చొప్పున 144 పువ్వులు. గుండ్రటి పువ్వులు చదరంగా పేర్చితే ప్రతి నాలుగు పువ్వుల మధ్యా ఒక ఖాళీ మిగులుతుంది. అవి 11 x 11, మొత్తం 121. వాటిలో చిన్న నింపుడు పువ్వు పడాలి. చాలామంది ఈ 121ని మర్చిపోయి దారం తక్కువ కొంటారు.

ఒక్క పువ్వు తూచి లెక్క కట్టకండి, వంటింటి కాటాలో గ్రాము అటూ ఇటూ అయినా మొత్తం తారుమారవుతుంది. సరిగ్గా వచ్చిన పది పువ్వులు కలిపి తూచండి. ఉదాహరణకి పదీ కలిపి 22 గ్రాములు తూగాయనుకోండి. 144కి 317 గ్రాములు. నింపుడు పువ్వులకి, అంచుకి, కొసలకి మరో పావు వంతు కలిపితే 396. 20 గ్రాముల ఉండలైతే 20 కావాలి. అన్నీ ఒకేసారి, చీటీ మీద ఒకే లాటు నెంబరు ఉన్నవి కొనండి. తెలుపే కదా అనుకోవద్దు. రెండు లాట్ల తెలుపు దారాలు విడిగా చూస్తే ఒకటే, పక్కపక్కన పడితే ఒకటి పాలిపోయి కనిపిస్తుంది.

అతుకుపని:

అతకడం గురించి. ఇది నాకు చాలా ఇష్టమైన పని, కాస్త వివరంగా రాస్తాను. మీ పువ్వుకి 24 వంకీలు. పువ్వుకి నాలుగు పక్కలు, పక్కకి 6 వంకీలు. అందులో 2 పక్క పువ్వుకి అతుకుతాయి, 4 ఖాళీగా ఉంటాయి. అంటే 1, 2 అతుకు, 3 నుంచి 6 ఖాళీ. 7, 8 అతుకు, 9 నుంచి 12 ఖాళీ. 13, 14 అతుకు, 15 నుంచి 18 ఖాళీ. 19, 20 అతుకు, 21 నుంచి 24 ఖాళీ. ఈ లెక్క కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. ఒక్క వంకీ తప్పి అతికితే ఆ వరస పక్కకి ఒరుగుతుంది. మూడో వరసకి గాని కంటికి తెలియదు, అప్పటికి విప్పాల్సినవి బోలెడు.

అతికే చోట 5 గొలుసుల బదులు 2 గొలుసులు వెయ్యండి. సూది తీసి, పక్క పువ్వు వంకీలో పై నుంచి కిందకి దూర్చి, వదిలిన కన్ను పట్టుకుని పైకి లాగండి, అదే మీ మధ్య గొలుసు. తరవాత 2 గొలుసులు వేసి మీ పువ్వుకి తిరిగి రండి. ఇలా అతికితే రెండు వంకీలూ ఎదురెదురుగా చదునుగా నిలుస్తాయి. మామూలు స్లిప్ స్టిచ్ (దారం చుట్టకుండా ఒక్క లాగులో కలిపే కుట్టు) వేసినా తప్పేమీ లేదు, కాకపోతే అతుకు దగ్గర చిన్న ముడిలా ఉబ్బుతుంది, పూల కుండీ పెట్టిన చోట బల్ల మీద అచ్చు పడుతుంది.

నింపుడు పువ్వు చాలా తేలిక. 6 గొలుసుల ఉంగరం. 5 గొలుసులు వేసి, ఖాళీగా ఉన్న నాలుగింటిలో మధ్య రెండు వంకీల్లో ఒకదానికి అతికి, 5 గొలుసులు వేసి, ఉంగరంలో ఒక డబుల్ క్రోషా (మీ పుస్తకం లెక్కలో డబుల్, అంటే దారం చుట్టకుండా వేసే పొట్టి కుట్టు). ఇలా ఒక్కో పువ్వుకీ మధ్య రెండు వంకీల చొప్పున నాలుగు పువ్వులకి ఎనిమిది కాళ్ళు. కాళ్ళు లాగినట్టు బిగిస్తే 6 గొలుసులు, వదులుగా వేలాడితే 4. ఒకచోట చేసి చూసి, అప్పుడు 121కీ అదే ఉంచండి.

అల్లుతూ అతకాలా, తరవాతా అంటే, నా మాట ఇది: 144 పువ్వులూ అయిదో చుట్టు దాకా అల్లి ఆపండి. అన్నీ తడిపి పిన్నులతో సాగదీసి ఆరబెట్టి, అప్పుడు ఆరో చుట్టు అల్లుతూ అతకండి. ఒకే మనిషి చెయ్యి అయినా జనవరిలో అల్లిన పువ్వు, మే నెల చెమటలో అల్లిన పువ్వు ఒక సైజు రావు. విడిగా ఉంటే కొలిచి ఏరుకోవచ్చు, బిగువువి మధ్యకి, వదులువి అంచుకి సర్దుకోవచ్చు. అతికేశాక ఆ అవకాశం పోతుంది. నరసాపురం లేసులో పువ్వులు అల్లే పని వేరు, అతుకు పని వేరుగా నడిచేది. పెద్ద గుడ్డలు సాఫుగా రావడానికి ఆ ఏరుకోవడం ఒక కారణం.

లేసుసూది:

ఇందులో ఒక ఇబ్బంది ఉందండి. అయిదో చుట్టు దగ్గర దారం తెంపి, ఆరో చుట్టుకి మళ్ళీ కట్టాలి. పువ్వుకి రెండు కొసలు కాస్తా నాలుగవుతాయి, 144 పువ్వులకి 576. అది మామూలు పని కాదు. చెయ్యి నిలకడగా ఉన్నవాళ్ళు అల్లుతూ అతకడమే మంచిది.

అతుకుపని:

అలా తెంపి మళ్ళీ కట్టక్కర్లేదు. అయిదో చుట్టు చివర కన్ను పెద్దదిగా లాగి సేఫ్టీ పిన్నుకి తగిలించి, మరో రెండు మీటర్ల దారం వదిలి అక్కడ తెంపండి. ఆరో చుట్టు ఆ దారంతోనే పూర్తవుతుంది. రెండు మీటర్లు సరిపోతుందా అన్నది మొదటి పువ్వు మీద చూసుకుని, దానికి ఒక జానెడు కలుపుకోండి. స్టీలు సేఫ్టీ పిన్నులే వాడండి, ఇనపవి తడిలో తుప్పు మచ్చ పెడతాయి.

కొసలు దాచే తీరు కూడా చెప్పాలి. కొసకి కనీసం 10 సెం.మీ. ఉంచండి. మెర్సిరైజ్డ్ దారం నున్నగా ఉంటుంది, ముడి వేసినా ఉతుకులో జారిపోతుంది. సన్నటి సూదితో ట్రెబుళ్ళ వెనక 2 సెం.మీ. ఒక దిక్కుకి పోనిచ్చి, ఒక దారప్పోగు దాటి మళ్ళీ వెనక్కి తీసుకురండి. మ్యాజిక్ రింగ్ కొస ఉంగరం చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి, తరవాత ఎదురు దిక్కున సగం రావాలి. పువ్వు నడిమధ్య కన్నం తెరుచుకున్న బల్లగుడ్డలన్నిటికీ కారణం ఆ కొస పొట్టిగా కత్తిరించడమే.

పెద్దాపురం_సగ్గు:

గంజి మాట వచ్చింది కాబట్టి. లేసుకి బియ్యం గంజి కన్నా సగ్గుబియ్యం గంజి నయం. ఆరితే పారదర్శకంగా ఉంటుంది, కుట్ల సందుల్లో తెల్ల పొర కట్టదు. మా వైపు సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకి పేరు కదా, సరుకు ఎక్కడైనా దొరుకుతుంది. లీటరు నీళ్ళకి రెండు పెద్ద చెంచాలు. గంట నానబెట్టి, సన్న సెగ మీద కలుపుతూ గింజ అంతా కరిగేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టండి. పిండకండి, పిండితే ఉండలు దిగి లేసుకి అంటుకుంటాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు లేసుని ముందు మంచినీళ్ళలో తడిపి, ఆ తరవాతే గంజిలో ముంచాలి. పొడి లేసు ముంచితే గంజి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీలుస్తుంది.

తరవాత టవల్లో చుట్టి అద్ది, థర్మాకోలు పలక మీద పరవండి. పలక మీద 3 అంగుళాల గళ్ళ కాగితం, దాని మీద ప్లాస్టిక్ కవరు. తుప్పు పట్టని పిన్నులతో ముందు నాలుగు మూలలు, తరవాత అంచుల మధ్యలు, ఆఖరున మిగతావి. ఒక మూల నుంచి గుచ్చుకుంటూ పోతే రెండో మూలకి వచ్చేసరికి చదరం కాస్తా వాలిపోతుంది. ఇస్త్రీ చెయ్యాలంటే కింద మందపాటి టవలు, లేసు బోర్లా, పైన తడిగుడ్డ. నేరుగా పెట్టె ఆనితే పువ్వుల ఉబ్బు అణిగిపోతుంది.

సముద్రం వైపు ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆఖరి జాడింపు మంచినీళ్ళతోనే చెయ్యండి. ఉప్పు మిగిలిన గుడ్డ ముసురు పడితే చెమ్మ లాగుతుంది, గంజి నిలవదు. ఇనుము ఉన్న నీళ్ళు తెలుపుని పసుపుచేస్తాయి. తుప్పు మరక పడితే బ్లీచింగు పొయ్యకండి, మరక ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి, తడి ఆరకుండా చూసుకుంటూ, తరవాత బాగా జాడించండి.

దాచిపెట్టేటప్పుడు గంజి పూర్తిగా ఉతికేసి దాచాలి. గంజికి బొద్దింకలు, వెండి పురుగులు వస్తాయి, వానాకాలంలో బూజు పడుతుంది. మడత పెట్టకుండా, గొట్టానికి తెల్ల నూలు గుడ్డ చుట్టి దాని మీద చుట్టండి.

వశిష్ఠ_ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఒక్కసారి చుట్టే కుట్టుతో ఒక పువ్వు అల్లాను. చదునుగా పడింది, 7.5 సెం.మీ. వచ్చింది! 20 పువ్వులూ విప్పుతున్నాను. రెండు చిన్న సందేహాలు. అంచు ఎలా ముగించాలి? పూర్తయ్యాక అమ్మితే నరసాపురం లేసు అని రాసుకోవచ్చా?

అతుకుపని:

అంచు పువ్వుల బయటి వైపు వంకీల్లో, వంకీకి 5 డబుల్ క్రోషాలు (మీ పుస్తకం లెక్కే). రెండు పువ్వులు కలిసే లోయ దగ్గర రెండు పక్కలా ఒక్కో వంకీ కుట్లు లేకుండా వదిలేసి, 3 గొలుసులతో దాటండి. అక్కడ కూడా 5 వేస్తే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. మూల పువ్వుకి వంకీకి 6 వెయ్యండి, లేకపోతే మూలలు లోపలికి ముడుచుకుంటాయి. ఒక పక్క మొత్తం అయ్యాక గుడ్డని బల్ల మీద పరిచి చూసి, ఆ తరవాతే రెండో పక్కకి వెళ్ళండి.

కోనసీమ_కుట్టు:

నరసాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ గుర్తింపుని సరుకు మీద వాడుకోవాలంటే చట్టం ప్రకారం అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి. నమోదు లేకుండా జీఐ ముద్ర వెయ్యకండి. మీ ఊళ్ళో చేత్తో అల్లిన క్రోషా అని రాస్తే అది నిజమే, ఎవరికీ అభ్యంతరం ఉండదు. క్రోషా కుట్టు ఇప్పటికీ మిషను మీద రాదు, కొనేవాళ్ళకి ఆ మాట చెప్పండి. ధర పువ్వుకింత అని కాకుండా మీ గంటల లెక్కన కట్టండి. పది పువ్వులకి పట్టే సమయం ఇప్పుడే గడియారం పెట్టి రాసుకుంటే, నింపుడు పువ్వులు, కొసలు దాచే పని కూడా విడిగా కలుపుకోవచ్చు. ఆ రెండూ ధరలో కలపకపోవడం వల్లే లేసు ఎప్పుడూ చవగ్గా పోతోంది.