ప్రదర్శనకు అరలు, బల్లలు మోసుకెళ్లాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా?

లక్కబొమ్మ (ఏటికొప్పాక)

అందరికీ నమస్కారం. నవంబరు 14 నుంచి 27 వరకు ఢిల్లీ ప్రగతి మైదానంలో జరిగే భారత అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనకు మా మహిళా సంఘం రెండోసారి వెళ్తోంది. మావి అంకుడు కర్రతో చేసి లక్క రంగులు పట్టించిన బొమ్మలు, కుంకుమ భరిణెలు, బొంగరాలు. సరుకు సిద్ధమవుతోంది కానీ, దాన్ని పెట్టి చూపించే అరల దగ్గర సంఘంలో పేచీ వచ్చింది. సగం మంది అరలు, బల్లలు, లైట్లు ఇక్కడినుంచే తీసుకెళ్దామంటున్నారు. మిగతా సగం మంది అంత దూరం కర్ర మోయడమేమిటి, అక్కడ అద్దెకు దొరకవా అంటున్నారు.

మొదటిసారి మేము అద్దెకే తీసుకున్నాం. రోజుకింత చొప్పున 14 రోజులకు లెక్క కడితే, ఒక్కో అరకు అయిన అద్దె మా ఊరి వడ్రంగి చేత కొత్తది చేయించుకునే ఖర్చుకు దగ్గరగా వచ్చింది. పోనీ పనికొచ్చాయా అంటే, అవి పెద్ద పెట్టెలు పేర్చుకోవడానికి చేసిన అరలు కావడం వల్ల పలకకూ పలకకూ మధ్య ఒకటిన్నర అడుగుల ఖాళీ ఉంది, అందులో మా నాలుగంగుళాల బొమ్మలు ఖాళీ గదిలో మూలన కూర్చున్న పిల్లల్లా కనిపించాయి. అందుకే నా మొగ్గు మోసుకెళ్లడం వైపే ఉంది. అనుభవమున్న పెద్దలు చెప్పండి.

చీరల మూట (మంగళగిరి)

అమ్మా, పదిహేనేళ్లుగా ఢిల్లీ, బెంగళూరు, ముంబై ప్రదర్శనలకు చీరలు తీసుకెళ్తున్నవాడిగా చెబుతున్నాను, దయచేసి కర్ర మోయకండి. వెళ్లేటప్పుడు అందరికీ ఓపిక ఉంటుంది, తిరుగు ప్రయాణం దగ్గరే లెక్క తప్పుతుంది. సరుకు అమ్ముడుపోయిన కొద్దీ మీ బరువు తగ్గుతుంది కానీ, అర మాత్రం అమ్ముడుపోదు. ఆఖరి రోజు రాత్రి వందల స్టాళ్లవాళ్లు ఒక్కసారిగా బండ్ల కోసం గేటు దగ్గర నిలబడతారు, అడిగినంత ఇస్తే తప్ప చిన్న ట్రాలీ కూడా కదలదు. నేను మొదటి ఏడాది టేకు అరలు చేయించుకుని వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు వాటిని పక్క స్టాలువారికి వచ్చినంతకు ఇచ్చేసి, గుడ్డ మూటతో ఇంటికి వచ్చాను.

ఇప్పుడు నా సామానంతా పాత దుప్పటి, దానిమీద గోనె చుట్టి దబ్బనంతో కుట్టిన మూటలే. వాటికి తోడు ఒక చేతి సంచి ఉంటుంది, అందులో ఎస్ కొక్కేలు, సుతిలి తాడు, ప్లాస్టిక్ ట్యాగులు, టేపు, మార్కరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, బిల్లు పుస్తకం, అన్నిటికన్నా పైన కట్టరు పెట్టుకుంటాను. ఆ సంచిని మాత్రం ఎవరికీ ఇవ్వను, చేతిలోనే ఉంచుకుంటాను. ఒకసారి కట్టరును అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశాం. అక్కడికి వెళ్లాక ఆ పెట్టె తెరవడానికి ఊరంతా కట్టరు వెతకాల్సి వచ్చింది.

లక్కబొమ్మ

అన్నగారూ, మీ మాట కాదనను కానీ, చీరకూ బొమ్మకూ తేడా ఉంది. చీరను కొక్కెం మీద వేలాడదీస్తే అదే గోడ అవుతుంది. బొమ్మకు నేల కావాలి, వెనక రంగు కావాలి, కొనేవారి చెయ్యి అందే ఎత్తు కావాలి. పైగా లక్కతో ఇంకో ఇబ్బంది ఉంది. లేత్ మిషను మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదిమితే, రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. అంటే వేడితో పట్టిన రంగు వేడికే మెత్తబడుతుందన్నమాట.

కిందటిసారి ఒక రవాణా సంస్థవారు మా పెట్టెలను టార్పాలిన్ కింద రెండు రోజులు ఎండలోనే ఉంచారు. మేము బొమ్మలను పాత దినపత్రికల్లో చుట్టాం. ఢిల్లీలో విప్పి చూస్తే పసుపు రంగు కుంకుమ భరిణె మూత మీద "పెళ్లి సంబంధాలు" అనే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చుపడి ఉన్నాయి. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వచ్చింది కానీ అక్షరాలు పోలేదు. ఊరికి తెచ్చి మళ్లీ మిషనుకు ఎక్కించాల్సి వచ్చింది. ఈసారి పత్రికలు మానేసి, సంఘంలోని వాళ్ల పాత నూలు చీరలు చింపి ఒక్కో బొమ్మకూ ఒక్కో ముక్క చుడుతున్నాం. కాబట్టి పెట్టె ఎలాగూ గట్టిదే కావాలి. ఆ గట్టి పెట్టెకు పెట్టే ఖర్చేదో అరకు కూడా పనికొచ్చేలా పెట్టకూడదా అన్నదే నా ప్రశ్న.

కొయ్యబొమ్మ (కొండపల్లి)

పత్రికల విషయంలో మా అనుభవమూ అదే, కాకపోతే కారణం వేరు. మాది తెల్ల పొణికి కర్ర, మెత్తనిది. ఏనుగు తొండం, మనిషి చెయ్యి వంటివి విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తాం. పత్రిక చుట్టినా పెట్టెలో బొమ్మ కదిలితే ముందుగా ఊడేది ఆ అతుకే. అందువల్ల బొమ్మకు మెత్త చుట్టడం ఒక్కటే చాలదు, బొమ్మకూ పెట్టె గోడకూ మధ్య ఖాళీ లేకుండా కూరాలి. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఏ చప్పుడూ రాకూడదు. అరల సంగతి నాకు పట్టదు. మేము బల్ల మీద గుడ్డ పరిచి మెట్లు మెట్లుగా అట్టపెట్టెలే పేరుస్తాం.

స్టాల్ మేస్త్రి (హైదరాబాదు)

నేను హైటెక్స్ ప్రదర్శన కేంద్రంలో స్టాళ్లు కట్టే పని చేస్తాను. మోయడమా, అద్దెకు తీసుకోవడమా అన్న ప్రశ్నకు ముందు, మీకు అక్కడ ఇచ్చే చోటు ఎలాంటిదో తెలుసుకోవాలి. సాధారణంగా ఇచ్చే కట్టుడు స్టాలు మూడు మీటర్లకు మూడు మీటర్లు, అంటే 9 చదరపు మీటర్లు ఉంటుంది. అల్యూమినియం నిలువు కంబీల మధ్య మీటరు వెడల్పున్న తెల్ల పలకలు బిగిస్తారు, ఎత్తు రెండున్నర మీటర్లు. వాటికి మేకు కొట్టనివ్వరు, రంధ్రం వేయనివ్వరు. రెండు వైపులా అంటుకునే టేపు మరక మిగిలినా కొన్నిచోట్ల పలక ఖరీదు వసూలు చేస్తారు. అందుకే చీరల అన్నగారి ఎస్ కొక్కెం అంత విలువైనది. పై కంబీకి తగిలిస్తే ఎవరూ ఏమీ అనరు.

లక్కబొమ్మగారి ప్రశ్నకు నా జవాబు మూడో దారి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 లోతు ఉండేలా ప్లైవుడ్ పెట్టెలు చేయించండి. మూతను సీలలతో కాకుండా చేత్తో తిప్పే రెక్క మరలతో బిగించాలి. అక్కడికి వెళ్లాక మూత తీసి, పెట్టెను పక్కకు పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే అదే అర. తీసిన మూతను సగం ఎత్తులో లోపలికి తోస్తే మధ్య అడ్డు పలక అవుతుంది, ఆ మూత నిలవడానికి లోపల రెండు వైపులా సన్నని పట్టీ కొట్టించుకుంటే చాలు. కింది వరుస పెట్టెలను తెరవకుండా గోడ వైపు తిప్పి ఉంచితే మిగులు సరుకు అందులోనే ఉంటుంది. తొమ్మిది చదరపు మీటర్లలో మిగులు సరుకు దాచుకోవడానికి వేరే చోటే ఉండదని ఒకసారి వెళ్లినవారికి తెలిసే ఉంటుంది. పేర్చిన పెట్టెలను వెనక నుంచి ఒకదానికొకటి బిగించడం మాత్రం మరవకండి, ఆదివారం జనం తోపులాటలో పై పెట్టె పిల్లల మీద పడే ప్రమాదం ఉంది.

లైట్లు మాత్రం మోయవద్దు. ఇచ్చిన కరెంటు ఎంతో ముందే కనుక్కుని, అదనంగా కావాలంటే నిర్వాహకుల దగ్గరే తీసుకోండి. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు రేగి ఎన్నో స్టాళ్లు బూడిదైన సంగతి మన ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. గుడ్డ, కర్ర, లక్క ఉన్న చోట అతుకుల తీగలు వేసుకోవడం మంచిది కాదు.

చీరల మూట

మేస్త్రిగారి మూడో దారి వినడానికి బాగుంది కానీ, తూకం వేసి చూద్దాం. ఆ కొలతలకు ఆరు వైపులా కలిపి సుమారు 1.28 చదరపు మీటర్ల ప్లైవుడ్ పడుతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల మందం వాడితే ఖాళీ పెట్టే దాదాపు 7 కిలోలు తూగుతుంది. ఎనిమిది పెట్టెలంటే బొమ్మ ఒక్కటైనా పెట్టకముందే 56 కిలోలు. స్లీపరు బోగీలో ఒక మనిషికి ఉచితంగా అనుమతించే సామాను 40 కిలోలే కదా.

కొరియరులో వేద్దామంటే మరో చిక్కు. విమానంలో పంపే చాలా కొరియరు సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి, వచ్చిన అంకెనూ అసలు బరువునూ పోల్చి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 60, 40, 40 గుణిస్తే 96,000; అంటే పెట్టె 19.2 కిలోల కింద లెక్క. బొమ్మలు తేలిక కాబట్టి, పెట్టె నిండా సర్దినా మీరు గాలికి కూడా కిరాయి కడతారు. చీర అయితే అంతే చోటులో రెట్టింపు బరువు సర్దుతాను, నాకు ఆ బాధ లేదు.

లెక్కల పంతులు (విజయవాడ)

రైలు విషయంలో చిన్న సవరణ. ఆ 40 కిలోల లెక్క సొంత సామానుకు మాత్రమే. అమ్మకపు సరుకును సొంత సామానుగా బోగీలో తీసుకెళ్లడానికి రైల్వే నిబంధనలు ఒప్పుకోవు. బోగీలోకి అనుమతించే పెట్టె కొలతకు కూడా 100, 60, 25 సెంటీమీటర్ల పరిమితి ఉంది కాబట్టి, 40 లోతున్న పెట్టె ఎలాగూ పనికిరాదు. మూటైనా పెట్టైనా పార్సిలు ఆఫీసులో బుక్ చేయాల్సిందే. విశాఖపట్నం నుంచి న్యూఢిల్లీకి నేరుగా ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది కాబట్టి దారిలో బండి మార్చే బెడద ఉండదు.

కాగితాల సంగతికి వస్తే, జీఎస్టీ ప్రకారం మరో రాష్ట్రంలో తాత్కాలికంగా అమ్మాలంటే, అక్కడ తాత్కాలిక పన్ను చెల్లింపుదారుగా కనీసం అయిదు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. లక్క పనితో సహా చేతివృత్తుల జాబితాలోని సరుకు అమ్మేవారికి, ఏడాది అమ్మకం 20 లక్షల లోపైతే, ఆ నమోదు నుంచి మినహాయింపు ఉంది. కానీ పాన్ ఉండాలి, సరుకు విలువ 50,000 రూపాయల లోపైనా సరే, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు తీయాలి. దానిలో కారణం దగ్గర "ప్రదర్శనలు లేదా సంతలు" అనేదే ఎంచుకోండి. బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది కాబట్టి, సుమారు 1,800 కిలోమీటర్ల ఢిల్లీ దారికి తొమ్మిది రోజులు వస్తాయి. డెలివరీ చలానా మూడు ప్రతులు రాసుకోండి. మీరు అరలు కూడా పంపేటట్టయితే వాటినీ చలానాలో "అమ్మకానికి కాదు, తిరిగి తెచ్చేవి" అని విడిగా చూపించండి. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర "ఇవి మీవేనా" అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

నాంపల్లి పాతకాపు

మేము నుమాయిష్‌లో పెడతాం. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అంటే నెలన్నర పాటు అద్దె కట్టడం మాకు కుదరదు కాబట్టి అన్నీ సొంతమే. పైగా మా గోదాము గంట దూరంలో ఉంది. ఢిల్లీకి 14 రోజులకు వెళ్లేవారు మమ్మల్ని చూసి నిర్ణయించుకోకూడదు.

స్టాల్ మేస్త్రి

చీరల అన్నగారి తూకం సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ తొమ్మిది మిల్లీమీటర్లు అక్కర్లేదు. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేసి మూలలకు లోపల కర్ర పట్టీ వేయిస్తే ఖాళీ పెట్టె అయిదు కిలోల చిల్లరకు దిగుతుంది. అసలు అట్టపెట్టెతో పోల్చాలి కదా. పెళుసు సరుకును అట్టపెట్టెలో పంపాలంటే రెండు పొరలది కావాలి, అదీ ఒక్క ప్రయాణానికే. నా లెక్కలో ప్లైవుడ్ పెట్టె మూడో ప్రదర్శన నుంచి ఉచితం.

ఇంకో మాట, లారీని నమ్ముకుంటే సరుకును కొన్ని రోజులు ముందే పంపండి. నవంబరులో ఢిల్లీ గాలి మరీ పాడై ఆంక్షలు నాలుగో దశకు చేరితే, అత్యవసర సరుకులు తేని లారీల్లో బీఎస్-6 అనే పొగ ప్రమాణం కన్నా పాత డీజిల్ బండ్లను నగరంలోకి రానివ్వరు. సరుకు సరిహద్దు దగ్గర ఆగిపోతే మీ స్టాలులో తెల్ల పలకలే మిగులుతాయి.

లక్కబొమ్మ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సంఘంలో ఇవన్నీ చదివి వినిపించాను. ఎనిమిది కాదు, ఆరు పెట్టెలు చేయిస్తున్నాం, ఆరు మిల్లీమీటర్లవే. లోతు 40 నుంచి 30కి తగ్గించాం, ఎందుకంటే మా బొమ్మలకు అంత లోతు అక్కర్లేదు, వెనక వరుసలో ఉన్నది ఎవరికీ కనబడదు. రైలు పార్సిలులో నవంబరు మొదటి వారంలోనే పంపుతాం, లారీ వద్దనుకున్నాం. బల్ల, కుర్చీలు, లైట్లు అక్కడే అద్దెకు. పెట్టెలకు మూడు వైపులా అంకె రాయిస్తున్నాం, మూతకూ అదే అంకె, ఎందుకంటే ఒక పెట్టె మూత ఇంకోదానికి సరిగ్గా పట్టదని మా వడ్రంగి ముందే చేతులెత్తేశాడు. ఆఖరి రోజు ఆ మూతలు కలిసిపోతే ఏమవుతుందో ఊహించగలను.

బొమ్మలు చుట్టిన చీర ముక్కలను పారేయకుండా పెట్టెల వెనక గోడకు పరుస్తాం. తెల్ల ప్లైవుడ్ కన్నా ముదురు నీలం నూలు మీద పసుపు, ఎరుపు లక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

అయినా సంఘంలో ముగ్గురు ఇంకా ఒప్పుకోలేదు. తిరుగు ప్రయాణం గురించి చీరల అన్నగారు చెప్పిన మాటనే పట్టుకుని కూర్చున్నారు.

చీరల మూట

ఆ ముగ్గురికీ నా నమస్కారాలు చెప్పండి. నేను మాత్రం ఈసారీ మూటలే కట్టుకొస్తాను. అయితే ఒక సాయం కావాలి. 27వ తేదీ సాయంత్రం అయిదింటికల్లా అద్దె కుర్చీలు పట్టుకుపోతారు, బండి వచ్చేది రాత్రి పదకొండుకు. మీ పెట్టెల్లో ఏదైనా ఒకటి అప్పటికి ఖాళీ అయితే, కూర్చోవడానికి నాకివ్వండి.