హాల్లో నేల కుంగింది: పైన టైల్స్ వేయాలా, బండలు లేపాలా?

రేగడిలో ఇల్లు: మాది జమ్మలమడుగు పక్క పల్లె, నల్లరేగడి నేల. 2004లో మా నాయన కట్టించిన ఇల్లు, కింద నాపబండలు. బాత్‌రూమ్ గోడ వైపు హాలు దిగిపోయింది. పాప గోళీ వదిలితే సోఫా కింద నుంచి దొర్లుకుంటూ పోయి ఆ మూలే ఆగుతుంది. దారం లాగి చూస్తే రెండు అంగుళాల పల్లం. ఒక మేస్త్రీ పైన కాంక్రీటు పోసి టైల్స్ అంటిస్తే వారంలో పని అయిపోతుందంటాడు, ఇంకో ఆయన బండలన్నీ లేపాల్సిందే అంటాడు. మా మామ అయితే నైరుతి పల్లమైంది కాబట్టే మీకు ఇన్ని ఖర్చులు అంటాడు. ఎవరి మాట వినాలి?

పొద్దుటూరోడు: పైనే వేసుకో అన్నా. ఏడేళ్ల కింద మా ఇంట్లో అట్లే చేసినాం, ఒక్క టైల్ కదల్లేదు. బండలు లేపితే సామాన్లు వీధిలో, ఇల్లంతా దుమ్ము, సగం బండలు పగిలిపోతాయి.

సైటు పని: మీది ఎర్రనేల అయ్యుంటుంది బ్రదర్, రేగడి లెక్క వేరు. పన్నెండు అడుగుల బై పద్నాలుగు గదిలో రెండు అంగుళాల కాంక్రీటు పోస్తే దగ్గర దగ్గర 1.8 టన్నులు. కింద మట్టి బరువు మోయలేకే కుంగిందనుకుంటే, దాని మీదనే ఇంకో రెండు ఎడ్లబండ్ల బరువు పెడతారా?

ముందు రెండు చూడండి. బండ మీద కర్రతో తట్టండి, డొల్లగా మోగితే కింద మట్టి జారిపోయినట్టే. తర్వాత గోడలు. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పోతుంటే పునాదే కదులుతోంది, అప్పుడు ఇంజనీరుకు చూపించాలి. గోడలు బాగుండి నేల ఒక్కటే దిగితే బేస్‌మట్టంలో నింపిన మట్టి సరిగా దిమ్మిస కొట్టలేదన్నమాట, లేదా నీళ్లు లీకవుతున్నాయి. బాత్‌రూమ్ వైపే దిగిందన్నారు కదా, నా అనుమానం పైపు మీదే.

పొద్దుటూరోడు: మాదీ రేగడే సార్.

సైటు పని: అయితే మీ అదృష్టం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఇంటి నడుమ కింద తడి అట్లే నిలబడిపోతుంది, అంచుల్లో మాత్రం ఎండాకాలం ఆరిపోతుంది. కాబట్టి ఒక్కోసారి మూల దిగినట్టు కనిపించేది నిజానికి నడుమ లేచింది. ఇప్పుడు ఒకసారి, వానలు పోయినాక ఒకసారి ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన సన్న పైపుతో మట్టం చూసేది) పెట్టి గోడ మీద పెన్సిల్ గీతలు గీసి తేదీ రాసుకోండి.

అనంతపురం అక్క: పునాది కింద పైల్స్ (నేల లోతుకు దించే కాంక్రీటు స్తంభాలు) వేయించాలని మా తమ్ముడు అంటున్నాడు, ఇట్లాంటి నేలకు అవేనంట కదా?

సైటు పని: అడుగున ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ రేగడికి మంచివే అక్కా, కొత్తగా కట్టేటప్పుడు. ఒక గది నేల కుంగితే ఇల్లంతా పైల్స్ అంటే తలనొప్పికి తల తీసినట్టు.

రేగడిలో ఇల్లు: నిన్న రాత్రి కొళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో గీత పెట్టినా. పొద్దున చూస్తే నాలుగు వేళ్లు తగ్గింది! ఆ మూల బండ ఒకటి లేపితే కింద మట్టి పేడలా ఉంది, చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది.

సైటు పని: ఇంకేం, దొరికింది. పైపు బాగుచేసి మట్టి ఆరనివ్వండి. ఆ తర్వాత అంతవరకే బండలకు నంబర్లు రాసి లేపండి. బురద తీసేసి, మళ్లీ రేగడి కాకుండా మొరుసు (గరుకు గులకమట్టి) పోయండి, ఆరారు అంగుళాల వరసలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, తర్వాత మీ బండలే. మేస్త్రీ ఒకేసారి అడుగున్నర పోసి పైన రెండు దెబ్బలు కొడితే ఒప్పుకోవద్దు. గోడ బయట వాన నీళ్లు నిలవకుండా మూడడుగుల వెడల్పున బండలు పరిచి వాలు బయటికి పెట్టండి.

రేగడిలో ఇల్లు: సరే సార్. ఆ వాలు ఈశాన్యానికే పెట్టాలని మామ అప్పుడే ఫోన్ చేసినాడు.

సైటు పని: మోరీ ఎటుందో అటు పెట్టండి.